పికప్ వెనక కమాన్లు మార్చే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాది ఫోర్ బై ఫోర్ పికప్. వారంలో కొన్ని రోజులు బెజవాడ రోడ్ల మీద, మిగతా రోజులు పెదకూరపాడు వైపు మిరప చేల దగ్గర తిరుగుతుంది. వెనక కమాన్లు, అంటే ఇనప పట్టీలను కట్టగా పేర్చిన లీఫ్ స్ప్రింగులు, రెండుసార్లు మార్చాను. మొదటిసారి తప్పు పట్టీ వేయించుకుని నెలల తరబడి నడుము నొప్పితో తిరిగాను. రెండోసారి నేనే దగ్గరుండి, సగం పని నా చేతులతో చేసి మార్చాను. అప్పటి నుంచి తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అడుగుతున్న ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను.

నా బండికి నిజంగా కమాన్లు మార్చాలా?

ముందు టేపు తీసుకుని కొలవండి. చదునైన నేల మీద ఖాళీ బండి నిలబెట్టి, వెనక చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు వరకు ఎంతుందో రెండు వైపులా రాసుకోండి. తర్వాత మామూలుగా మోసే బరువు వేసి మళ్లీ కొలవండి. ఒక వైపు రెండు సెంటీమీటర్ల కంటే ఎక్కువ కిందికి ఉన్నా, ఖాళీగా ఉన్నప్పుడే పట్టీలు వంపు పోయి చదునుగా కనిపిస్తున్నా, చిన్న గుంటకే యాక్సిల్ వెళ్లి బంప్ స్టాపర్‌కి (యాక్సిల్ ఛాసిస్‌కి తగలకుండా ఆపే రబ్బరు దిమ్మ) కొడుతున్నా కమాన్లు అలసిపోయాయని అర్థం.

గుంట దాటాక బండి రెండు మూడుసార్లు ఊగుతూనే ఉందంటే అది కమాన్ల లోపం కాకపోవచ్చు. షాక్‌అబ్జార్బర్లు పోయి ఉంటాయి. వాటితో పోయేదానికి కట్టలు మార్చకండి.

ఈ విషయాలు ఏ బండ్లకు వర్తిస్తాయి?

వెనక కమాన్లు ఉన్న వాటికి. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్, బొలెరో క్యాంపర్, 2020కి ముందు థార్, మారుతి జిప్సీ. కొత్త థార్‌కి వెనక కాయిల్ స్ప్రింగులు, దాని సంగతి వేరు. జిప్సీలో కమాన్లు యాక్సిల్ కింద ఉంటాయి, పికప్‌లలో పైన ఉంటాయి. కాబట్టి జిప్సీవాళ్లు కింద చెప్పిన బ్లాకుల మాట తమకు అన్వయించుకోవద్దు.

ఒక పట్టీ అదనంగా వేయిస్తే సరిపోదా?

అందరూ ముందు అడిగేది ఇదే. నేను మొదటిసారి చేసింది కూడా ఇదే. ఒక షాపులో లావుపాటి పట్టీ ఒకటి మధ్యలో చేర్చి పంపారు. బండి లేచింది. కానీ ఖాళీగా ఉన్నప్పుడు కరకట్ట రోడ్డు మీద వెనక చక్రాలు నేలను వదిలి ఎగిరేవి. ఎనిమిది నెలలకు పాత మెయిన్ పట్టీ కన్ను (బోల్టు దూర్చడానికి కొనను చుట్టిన రంధ్రం) దగ్గర చీలింది.

కారణం లెక్కలో ఉంది. పట్టీ బిగువు దాని వెడల్పు పెరిగిన కొద్దీ సమానంగా పెరుగుతుంది. మందం విషయం అలా కాదు, మందం ఘనం లెక్కన పెరుగుతుంది. 7 మిల్లీమీటర్ల పట్టీ బదులు అదే పొడవు, అదే వెడల్పుతో 8 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. కంటికి ఒక్క మిల్లీమీటరే తేడా. పైగా కట్టలో పట్టీలన్నీ ఒకే వంపు కుటుంబానికి చెంది ఉండాలి. వేరే బండి పట్టీ తెచ్చి దూరిస్తే అది పక్క పట్టీని సమానంగా తాకదు, ఒక్క చోటే నొక్కుతుంది. ఆ చోటే పగులు మొదలవుతుంది.

అదే బండికి, అదే కట్టకు లెక్క కట్టి తయారుచేసిన అదనపు పట్టీ దొరికితే, పాత పట్టీలు ఆరోగ్యంగా ఉంటే, పట్టీ వేయించుకోవడంలో తప్పు లేదు. షాపులో మూల పడి ఉన్నది వేయించుకోవద్దని మాత్రమే నా మాట.

ఎన్ని కిలోల కట్ట తీసుకోవాలి?

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. "ఎప్పుడైనా సంక్రాంతికి టన్ను వేస్తాం కదా" అని గట్టి కట్ట తీసుకుంటారు. మిగతా మూడు వందల రోజులు ఖాళీ బండితో దెబ్బలు తింటారు. కట్టను ఎంచుకోవలసింది ఎప్పుడో మోసే బరువును బట్టి కాదు. ఎప్పుడూ బండి మీదే ఉండే బరువును బట్టి.

ఆ బరువు తెలుసుకోవడం తేలిక. మన దగ్గర ధాన్యం మిల్లుల పక్కన, మిర్చి యార్డు చుట్టుపక్కల కాటాలు బోలెడు ఉన్నాయి. రోజూ తిరిగే సామానుతో వెళ్లండి. ముందు మొత్తం బండి తూచండి. తర్వాత వెనక చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద ఉండేలా నిలిపి తూచండి. ఆ చీటీ దాచుకోండి. సామాను అంతా దింపేసి మరోసారి తూస్తే, వెనక యాక్సిల్ మీద శాశ్వతంగా ఎంత మోస్తున్నారో కిలోల్లో తేలిపోతుంది.

నా బండి లెక్క చెబుతాను. వెనక ట్రే మీద మూసే కానోపీ, దాని రాక్ కలిపి 75 కిలోలు, పనిముట్ల పెట్టె 40, నీళ్ల డబ్బా 60 లీటర్లు అంటే 60 కిలోలు, దిగబడితే బయటికి లాగే రికవరీ సామాను 25. మొత్తం 200. నేను మనసులో అనుకున్నది 400. చీటీ చూశాక మధ్యస్థం కట్ట తీసుకున్నాను. బయట దొరికే కట్టలను సాధారణంగా ఖాళీ లేదా తక్కువ బరువు, 300 కిలోల లోపు శాశ్వత బరువు, 300 దాటినది అని ఇలాంటి తరగతులుగా అమ్ముతారు. కంపెనీని బట్టి అంకెలు మారతాయి, కేటలాగ్ అడిగి చూడండి.

అప్పుడప్పుడు మాత్రమే బరువు వేసేవాళ్లకు రెండు దశల కట్ట మంచిది. పైన సన్న పట్టీలు ఖాళీ బండిని మెత్తగా మోస్తాయి. బరువు పడ్డాక కిందనున్న లావు పట్టీ తాకి పని మొదలుపెడుతుంది. ఒకే బరువు మోసే రెండు కట్టల్లో తక్కువ సంఖ్యలో లావు పట్టీలున్న దానికంటే ఎక్కువ సంఖ్యలో సన్న పట్టీలున్నది రాళ్ల దారిలో బాగా వంగుతుంది. అందుకే నేను పట్టీల లెక్క కూడా చూస్తాను.

గట్టి కట్ట వేస్తే ఎక్కువ బరువు మోయొచ్చా?

మోయకూడదు. ఆర్సీలో ఉన్న మొత్తం బరువు కమాన్ల మీద మాత్రమే ఆధారపడింది కాదు. యాక్సిల్, బేరింగులు, టైర్లు, బ్రేకులు, ఛాసిస్ అన్నీ కలిపి ఇచ్చిన అంకె అది. కమాన్ గట్టిగా ఉంటే బండి కుంగినట్టు కనిపించదు, అంతే. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే హెచ్చరిక కూడా పోయింది. ఓవర్‌లోడ్‌కు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా ఉంది.

ఎంత ఎత్తు లేపొచ్చు?

40 నుంచి 50 మిల్లీమీటర్లు. అంతకు మించితే ఇంజిన్ బలాన్ని వెనక యాక్సిల్‌కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్, బ్రేక్ గొట్టాలు, షాకులు అన్నీ మార్చాల్సిన పని అవుతుంది. వెనక మాత్రమే లేపి ముందు వదిలేస్తే ఇంకో చిక్కుంది. బండి ముక్కు కిందికి వాలి ముందు చక్రాల కాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) కాస్త తగ్గుతుంది. హైవే మీద స్టీరింగ్ తేలికగా, నిలకడ లేకుండా అనిపిస్తుంది. హెడ్‌లైట్ వెలుగు దగ్గరగా పడుతుంది. ఎత్తు పెంచితే ముందూ వెనకా కలిపి ఆలోచించి, ఆ తర్వాత అలైన్‌మెంట్, లైటు సెట్టింగ్ చేయించండి.

బ్లాకులు పెట్టినా, పొడుగు షాకిళ్లు వేసినా లేస్తుంది కదా?

లేస్తుంది. యాక్సిల్‌కీ కమాన్‌కీ మధ్య ఇనప బ్లాకు పెడితే ఇంజిన్ లాగినప్పుడు యాక్సిల్ మెలి తిరగడానికి ఆ బ్లాకు ఒక మీటలా సాయపడుతుంది. కమాన్ పాములా వంగుతుంది. ఏటవాలులో ఇసుకలో లాగేటప్పుడు వెనక నుంచి తడతడ కొట్టడం దీనివల్లే. ఒకదాని మీద ఒకటి రెండు బ్లాకులు మాత్రం ఎప్పుడూ వద్దు. షాకిల్ అంటే కట్ట వెనక కొనను ఛాసిస్‌కి కలిపే ఊగే కీలు. పొడుగు షాకిల్ విషయానికొస్తే, 50 మిల్లీమీటర్లు పొడుగు చేస్తే బండి లేచేది దానిలో సగమే. పైగా పినియన్ కోణం, అంటే షాఫ్ట్ వచ్చి కలిసే చోట యాక్సిల్ ముక్కు వాలు, మారిపోతుంది.

పాత కట్టలకే ఆటోనగర్‌లో మళ్లీ వంపు పెట్టించుకోవచ్చా?

మన ఆటోనగర్‌లో లారీ కమాన్ల పనిలో చేయి తిరిగిన మేస్త్రీలున్నారు. వాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది, నా మొదటి పాఠాలు అక్కడే నేర్చుకున్నాను. కానీ సుత్తితో చల్లగా కొట్టి తెచ్చిన వంపు ఎక్కువ కాలం నిలవదు. సరైన పద్ధతిలో అయితే పట్టీని ఎర్రగా కాల్చి, వంచి, నూనెలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో టెంపర్ చేయాలి. మీరు వెళ్లే చోట ఆ కొలిమి, నూనె తొట్టి ఉన్నాయా అని కళ్లతో చూసి ఇవ్వండి. పగిలిన పట్టీకి వెల్డింగ్ మాత్రం ఎవరు చేస్తానన్నా ఒప్పుకోవద్దు. వెల్డింగ్ వేడికి ఆ చుట్టూ ఉన్న స్టీలు గుణం మారిపోతుంది, పక్కనే మళ్లీ విరుగుతుంది. కట్టకు తగిలేలా దగ్గర్లో ఛాసిస్ వెల్డింగ్ చేసేటప్పుడు కూడా నిప్పురవ్వలు పడకుండా గోనె పట్టా తడిపి కప్పాలి.

పని ఇంటి దగ్గర చేసుకోవచ్చా? ఏ వరుసలో చేయాలి?

ఇద్దరు మనుషులు, గట్టి సిమెంటు నేల, రెండు జాకులు, రెండు స్టాండ్లు, టార్క్ రెంచ్ ఉంటే చేసుకోవచ్చు. ఒక పూట సరిపోదు, ఒక రోజు పెట్టుకోండి. మే నెలలో మన ఎండకు తెల్లవారుజామునే మొదలుపెట్టడం మంచిది.

ముందు రోజు రాత్రే యూ బోల్టులు (కట్టను యాక్సిల్‌కి బిగించేవి), షాకిల్ బోల్టుల మీద తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. పొద్దున ముందు చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలపండి. జాకు మీద మాత్రమే ఆగి ఉన్న బండి కిందికి దూరవద్దు. ఇదొక్కటి నా మాట వినండి. రెండో జాకు యాక్సిల్ కింద పెట్టి దాని బరువు మాత్రం మోయనివ్వండి. చక్రాలు, షాకుల కింది బోల్టు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ క్లిప్పు, యాక్సిల్‌కి గాలి ఆడే బ్రీదర్ గొట్టం, బ్రేక్ వాల్వుకి పోయే లింకు ఉంటే అది, ఇవన్నీ వదులు చేశాకే యాక్సిల్ దించాలి. బ్రేక్ గొట్టం లాక్కుపోతోందా అని ఒకరు చూస్తూ ఉండాలి.

ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు విప్పండి. రెండూ ఒకేసారి విప్పితే యాక్సిల్ ముందుకో వెనక్కో జరుగుతుంది, తిరిగి సరిపెట్టడానికి పూట పోతుంది.

కొత్త కట్టలో ముందు వైపేదో, వెనక వైపేదో చూసుకోండి. చాలా పికప్‌లలో పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టు నుంచి ముందు కన్ను వరకు పొడవు తక్కువగా ఉంటుంది. ముందు కన్ను బోల్టు ఎక్కించి, తర్వాత వెనక షాకిల్, అన్నీ చేత్తో బిగించి వదిలేయండి. యాక్సిల్‌ను నెమ్మదిగా పైకి లేపి, సెంటర్ బోల్టు తల యాక్సిల్ సీటులోని రంధ్రంలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. అది కూర్చోకుండా యూ బోల్టులు బిగిస్తే మొదటి గుంటలోనే బోల్టు తెగి యాక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది. బండి వంకరగా నడుస్తుంది.

యూ బోల్టుల నాలుగు నట్లను అడ్డంగా, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తూ రండి. చివరి టార్క్ అంకె మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే, లేదా కట్టతో ఇచ్చిన కాగితంలో ఉన్నదే తీసుకోండి. కన్ను బోల్టులు, షాకిల్ బోల్టులు మాత్రం బండి నేల మీద తన బరువుతో నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ ఆ స్థితిలోనే పట్టుకుపోయి, కిందికి దించగానే మెలి తిరిగి కొద్ది నెలల్లో చిరుగుతుంది. ఎంతోమంది బుష్‌లు ఇలాగే పోగొట్టుకున్నారు, తప్పు బుష్ కంపెనీ మీద వేశారు.

పాత యూ బోల్టులు వాడొచ్చా?

వాడకండి. ఒకసారి పూర్తి టార్క్‌కి బిగించిన యూ బోల్టు సాగి ఉంటుంది, మరలు కూడా నలిగి ఉంటాయి. కొత్త కట్ట మందం పెరిగితే పొడవు కూడా చాలదు. కొత్తవి, కొత్త నట్లతో కొనండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర వణుకు వస్తోంది, ఏం చేయాలి?

లిఫ్ట్ తర్వాత కదలబోయేటప్పుడు మాత్రమే వణికి, వేగం అందుకోగానే పోతే, రెండు ముక్కల షాఫ్ట్ ఉన్న బండిలో మధ్య బేరింగ్ దగ్గరి కోణం పెరిగిందని అనుమానించాలి. ఆ బేరింగ్‌ను కొద్దిగా కిందికి దించే స్పేసర్లు దొరుకుతాయి. అన్ని వేగాల్లోనూ వణుకుంటే పినియన్ కోణం చూడాలి. కమాన్‌కీ యాక్సిల్ సీటుకీ మధ్య పెట్టే, ఒక వైపు మందంగా మరో వైపు సన్నగా ఉండే షిమ్‌తో రెండు మూడు డిగ్రీలు సరిచేస్తారు. అల్యూమినియం షిమ్ నలుగుతుంది, ఇనుముదే తీసుకోండి. వణుకును అలవాటు చేసుకుని నడపొద్దు, షాఫ్ట్ కీళ్లలోని క్రాసులు పోతాయి.

బ్రేకుల మీద ప్రభావం ఉంటుందా?

ఉంటుంది. చాలామంది పట్టించుకోని విషయం ఇది. కొన్ని పికప్‌లలో వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీదున్న ఒక వాల్వుకి సన్నని కడ్డీ ఉంటుంది. బండి బరువుతో కుంగితే ఆ కడ్డీ కదిలి వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపమని వాల్వుకి చెబుతుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. మీరు వెనక భాగాన్ని 50 మిల్లీమీటర్లు లేపగానే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుంటుంది. నిండు బరువుతో వారధి దిగుతూ బ్రేకు కొడితే వెనక చక్రాలు తమ వంతు పని చేయవు, భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది.

దీనికి పరిష్కారం చిన్నదే. లిఫ్ట్ ఎంతో అంతే వాల్వు బ్రాకెట్‌ను సరిచేయాలి, లేదా మాన్యువల్ చెప్పిన పద్ధతిలో కడ్డీని సర్దాలి. పని చేయించిన చోట ఈ ప్రశ్న అడగండి. "ఆ కడ్డీ ఏంటి సార్?" అని ఎదురు ప్రశ్న వస్తే ఆ బండిని వాళ్ల దగ్గర వదలకండి. వాల్వు లేని, బ్రేకు ఒత్తిడిని ఎలక్ట్రానిక్స్ పంచే బండ్లకు ఈ పని ఉండదు. వాటిలో కూడా చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు బిగుసుకోకూడదు.

షాకులు కూడా మార్చాలా?

లిఫ్ట్ చేస్తే మార్చాలి. యాక్సిల్ కిందికి వేలాడేటప్పుడు దాన్ని ఆపేది షాక్ కాకూడదు. పాత షాక్ పొడవు చాలక లోపల రాడ్ లాగి లాగి పోతుంది. పైకి పోయేటప్పుడు షాక్ పూర్తిగా మూసుకునేలోపే బంప్ స్టాపర్ తాకాలి. కట్ట గట్టిదైతే, దాన్ని వెనక్కి తన్నకుండా ఆపగల షాకులు కావాలి.

కొత్త కట్టలు వేశాక ట్రాక్టరులా ఉంది, ఎప్పుడు మెత్తబడుతుంది?

మొదటి వెయ్యి కిలోమీటర్లలో కొంచెం కూర్చుంటాయి, ఎత్తు ఐదు పది మిల్లీమీటర్లు తగ్గొచ్చు. అప్పటికీ ఇలాగే ఉంటే టైరు గాలి చూడండి. అదీ సరిగా ఉంటే కట్ట మీ బరువుకు ఎక్కువైనట్టే. అమ్మినవాళ్లతో మాట్లాడి ఒక పట్టీ తీయించొచ్చు. మీ అంతట మీరు మధ్యలో పట్టీ తీసేయకండి.

కిర్రు కిర్రుమంటున్నాయి. గ్రీజు పెట్టొచ్చా?

పట్టీల చివర్లలో నైలాన్ ప్యాడ్లు ఉన్న కట్టలకు గ్రీజు వద్దు. మన ఇసుకా దుమ్మూ దాన్ని అంటుకుని సానరాయిలా అరగదీస్తాయి. ప్యాడ్లు అరిగి ఉంటే మార్చండి. ప్యాడ్లు లేని పాత రకం కట్టలకు ఏడాదికోసారి విప్పి, వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, గ్రాఫైట్ గ్రీజు సన్నగా రాయడం మన మేస్త్రీలు చేసే పనే, మంచి పనే.

వరద నీళ్లలో మునిగిన బండి కమాన్లు పనికొస్తాయా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా తమ్ముడి బొలెరో మూడు రోజులు నీళ్లలో నిలిచింది. ఇంజిన్, సీట్లు అన్నీ బాగుచేయించాడు. కమాన్ల వైపు ఎవరూ చూడలేదు. తర్వాతి వేసవికి విప్పితే పట్టీల మధ్య తుప్పు పొరలుగా లేచి, మెయిన్ పట్టీ మీద గుంటలు పడి ఉన్నాయి. అలాంటి గుంట నుంచే పగులు పుడుతుంది. బురద నీరు పట్టీల మధ్య చిక్కి ఆరకుండా నెలల తరబడి ఉంటుంది. మునిగిన బండి కట్టలను ఆ నెలలోనే విప్పించి చూడండి. సముద్రం ఒడ్డున హంసలదీవి ఇసుకలో తిరిగి వచ్చినవాళ్లు కూడా అదే రోజు మంచినీళ్లతో కింద నుంచి కడగాలి. ఉప్పు ఇంకా వేగంగా తింటుంది.

నల్లరేగడిలో దిగబడకుండా ఈ కమాన్లు కాపాడతాయా?

కాపాడవు. వానకు తడిసిన రేగడిలో టైర్లు, రెండు వైపుల చక్రాలనూ కలిపి తిప్పే డిఫ్ లాక్, ముందు చూపు కాపాడతాయి. కమాన్లు గట్టు దాటేటప్పుడు, బోదె మీద ఒక చక్రం లేచినప్పుడు నాలుగూ నేల మీద ఉంచడానికి సాయపడతాయి.

ఆర్టీవో, బీమా వాళ్లతో ఇబ్బంది వస్తుందా?

పాడైన కట్ట తీసి కంపెనీ కొలతల కట్టే వేయడం రిపేరు. ఎత్తు మార్చడం వేరే సంగతి. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు, తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన సెక్షన్ 182ఎ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండొచ్చు. పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి జవాబు తీసుకోండి. ప్రమాదం జరిగాక ఈ కాగితం కోసం వెతకడం చాలా బాధాకరం.

బిగించాక ఎక్కడ నడిపి చూడాలి?

మొదట ఖాళీ బండితో, పొద్దున్నే, ట్రాఫిక్ లేని కరకట్ట మీద. చిన్న వేగంలో బ్రేకు కొట్టి ఒక పక్కకు లాగుతోందా చూడండి. తర్వాత మామూలు బరువుతో కొండవీడు ఘాట్ రోడ్డు లాంటి మలుపుల దారిలో. దిగి యూ బోల్టులు, షాకిళ్లు చేత్తో తడమండి, బ్రేక్ గొట్టం ఎక్కడైనా రుద్దుకుందేమో చూడండి. కొండపల్లి వైపు అడవిలోకి అనుమతి లేకుండా బండి తీసుకెళ్లకండి.

తర్వాత ఎప్పుడెప్పుడు చూసుకోవాలి?

మొదటి 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కి ఒకసారి, 1000కి మళ్లీ యూ బోల్టుల టార్క్ చూడాలి. ఆ తర్వాత ప్రతి సర్వీసుకూ. బిగించిన రోజునే నట్టు మీద నుంచి ప్లేటు మీదికి పెయింట్‌తో ఒక గీత గీస్తే, వదులైతే గీత తెగి కనిపిస్తుంది. పట్టీల అంచుల్లో తుప్పు రంగు సన్నని గీత, సెంటర్ బోల్టు దగ్గర మెరిసే రాపిడి గుర్తు, కట్ట పట్టీలు పక్కకు చెదిరి ఉండటం, ఇవి కనిపిస్తే ఆ రోజే బండి ఆపండి.

తీసిన పాత కట్టలు అమ్మేయాలా?

పట్టీలు బాగుంటే ఉంచుకోండి. సెంటర్ బోల్టు, క్లిప్పులతో సహా నూనె రాసి, గోనె చుట్టి, తడి తగలని చోట నిలబెట్టండి. బండి అమ్మేటప్పుడు కంపెనీ కొలతలకు తిరిగి మార్చాల్సి రావచ్చు. నావి మా చేను దగ్గర షెడ్డులో ఉన్నాయి, ఏడాదికోసారి తీసి నూనె రాస్తున్నాను.